వేసవి ఆటలు – ఎండ రక్షణ: సన్‌స్క్రీన్ ఎంపికలో మెలకువలు

వేసవి సెలవులు ప్రారంభమైనాయంటే మన టౌన్‌షిప్ మైదానాలకు కొత్త కళ వస్తుంది. ఉదయం పిల్లల శిక్షణ శిబిరాలు, సాయంత్రం విభాగాల మధ్య వాలీబాల్, ఫుట్‌బాల్ పోటీలు, ఆదివారాలలో పూర్తిరోజు క్రికెట్ మ్యాచ్‌లు – ఇలా సంవత్సరమంతా యంత్రాల మధ్య, దస్త్రాల మధ్య గడిపే మనకు ఈ రెండు నెలలు శరీరానికీ, మనసుకూ నూతనోత్సాహాన్ని కలిగిస్తాయనడంలో సందేహం లేదు. అయితే పిల్లలకు ఆటల తీరిక దొరికే కాలమూ, ఎండ పరాకాష్ఠకు చేరే కాలమూ మన ప్రాంతంలో ఒకటే కావడం విచిత్రమైన ఇబ్బంది.

ఒకప్పుడు ఎండలో ఆడే వారికి తలమీద టోపీ ఉంటే అదే ఎక్కువ. ఇప్పుడు ఆటగాళ్ల సంచులలో బ్యాటు, బూట్లతోపాటు సన్‌స్క్రీన్ ట్యూబు కూడా కనిపిస్తోంది. ఇది ఆహ్వానించదగిన మార్పే. కాని ఏ ట్యూబు కొనాలి, ఎంత రాయాలి, ఎంతసేపు పనిచేస్తుంది అనే ప్రశ్నలకు మాత్రం చాలామందివద్ద సరియైన సమాధానాలు లేవు. దుకాణదారు చేతికిచ్చినది, లేదా టెలివిజన్‌లో ఎక్కువసార్లు కనిపించినది కొనడం పరిపాటి అయింది. నేమ్‌ప్లేటు చదవకుండా ఒక మోటారును ఎవరమూ కొనము. సన్‌స్క్రీన్ ట్యూబుపైన కూడా అటువంటి వివరాలే ముద్రించి ఉంటాయి. వాటిని చదవడం కష్టమేమీ కాదు.

అంతకన్నా ముందు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. ఆ లేపనం ఏ ప్రమాదాన్ని అడ్డుకుంటుంది, దేనిని అడ్డుకోలేదు అన్నదే ఆ విషయం. ఎండతో వచ్చే ప్రమాదాలు రెండు. లేపనం వాటిలో ఒకదానికే విరుగుడు. ఈ తేడా తెలియకపోతే, లేపనం ఇచ్చే ధీమాయే మనను రెండవ ప్రమాదంలోకి నెట్టివేస్తుంది.

రెండు ప్రమాదాలు, రెండు గడియారాలు

సూర్యరశ్మిలో వేడిని కలిగించే భాగం వేరు, చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు వేరు. వేడి మనకు వెంటనే తెలుస్తుంది. అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు, ఒంటికి తగిలినట్లు అనిపించవు. వాటి ఫలితం కొన్ని గంటల తరువాతనో, కొన్ని సంవత్సరాల తరువాతనో బయటపడుతుంది.

ఈ కిరణాలను శాస్త్రజ్ఞులు ఎ, బి, సి అని మూడు వర్గాలుగా విభజించారు. 'సి' వర్గపు కిరణాలను వాతావరణం పూర్తిగా అడ్డుకుంటుంది. 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల 'బి' వర్గపు కిరణాలు చర్మం పైపొరను కమిలిపోయేటట్లు చేస్తాయి. 315 నుంచి 400 నానోమీటర్ల వరకు ఉండే 'ఎ' వర్గపు కిరణాలు మరింత లోతుకు చొచ్చుకొనిపోయి చర్మాన్ని నల్లబరుస్తాయి, ముడతలను త్వరగా తెచ్చిపెడతాయి. భూమిని చేరే అతినీలలోహిత కిరణాలలో అత్యధిక భాగం ఈ 'ఎ' వర్గానివే. ఏళ్ల తరబడి రక్షణ లేకుండా ఎండలో గడిపితే మంగు మచ్చలు, కంటి శుక్లాలు, కొందరిలో చర్మ క్యాన్సర్ కూడా సంభవించవచ్చు.

ఇక్కడ గమనించవలసిన విశేషమేమంటే, ఈ కిరణాల తీవ్రతకూ, వేడి తీవ్రతకూ వేళలు ఒకటి కావు. కిరణాల తీవ్రత సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, అంటే మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో అత్యధికంగా ఉంటుంది. నేల కాగి, గాలి వేడెక్కడానికి మరికొంత సమయం పడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత సాధారణంగా రెండున్నర, నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి చేరుతుంది. కాబట్టి ఉదయం తొమ్మిదిన్నరకు గాలి ఇంకా ఓర్చుకోదగినట్లే ఉన్నా కిరణాలు అప్పటికే బలపడి ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకు కిరణాలు బలహీనపడినా వేడి మాత్రం ఇంకా తగ్గదు. అరకు, ఉదకమండలం వంటి చల్లని ప్రదేశాలకు విహారయాత్రకు వెళ్లి అక్కడ రోజంతా ఆడుకున్న పిల్లల ముఖాలు కమిలిపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ వేడి తక్కువే కాని, ఎత్తు పెరిగినకొద్దీ అతినీలలోహిత కిరణాలు ఎక్కువవుతాయి. ప్రతి వెయ్యి మీటర్లకు ఈ పెరుగుదల సుమారు 10 శాతం.

నీడను కొలిచి చూడండి

కిరణాల తీవ్రతను తెలుసుకోవడానికి ప్రత్యేక పరికరం అవసరం లేదు. మన నీడ చాలు. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నదంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నాడని అర్థం. అప్పుడు చర్మానికి రక్షణ తప్పనిసరి. నీడ మనకన్నా పొడుగ్గా ఉంటే తీవ్రత తగ్గినట్లు.

ఈ లెక్కను మన ప్రాంతానికి అన్వయించి చూద్దాం. హైదరాబాదు ఉత్తర అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. సూర్యుడు ఉత్తర దిశగా ప్రయాణిస్తూ మే 9వ తేదీ ప్రాంతంలో సరిగ్గా ఆ నగరం నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ కాలంలో త్రికోణమితి ప్రకారం లెక్కిస్తే, ఉదయం సుమారు 9 గంటల నుంచి మధ్యాహ్నం సుమారు 3 గంటల 20 నిమిషాల వరకు నీడ మనిషికన్నా పొట్టిగానే ఉంటుంది. తూర్పున ఉన్న విశాఖపట్నంలో ఈ వ్యవధి ఇంచుమించు 20 నిమిషాలు ముందుగానే మొదలై, ముందుగానే ముగుస్తుంది. పిల్లలు ఇంట్లో ఈ ప్రయోగం స్వయంగా చేసి చూడవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితర సంస్థలు ఈ తీవ్రతకు ఒక సూచీని రూపొందించాయి. ఆ సూచీ 3కు చేరినప్పటి నుంచి రక్షణ అవసరమని, 8 నుంచి 10 వరకు ఉంటే చాలా తీవ్రమని, 11, అంతకు మించితే అత్యంత తీవ్రమని వర్గీకరించాయి. ఏప్రిల్, మే నెలలలో మబ్బులేని మధ్యాహ్న వేళ మన రాష్ట్రాలలో ఇది 11ను దాటడం సాధారణం. ఇప్పుడు సెల్‌ఫోన్‌లోని వాతావరణ సమాచారంలో కూడా ఈ అంకె కనిపిస్తుంది. పలచని మబ్బు పట్టినా నిశ్చింతగా ఉండరాదు. ఆ కిరణాలలో దాదాపు 80 శాతం వరకు పలచని మేఘాల గుండా దిగివస్తాయి.

లేబులు చదివే విధానం

ట్యూబు మీద చూడవలసినవి ప్రధానంగా నాలుగు.

మొదటిది ఎస్‌పిఎఫ్. ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ గ్రైటర్ 1974లో ఈ కొలమానానికి ప్రాచుర్యం కల్పించాడు. లేపనం రాసిన చర్మం కందడానికి కావలసిన కిరణాల మోతాదు, రాయని చర్మం కందడానికి కావలసిన మోతాదుకు ఎన్ని రెట్లో ఈ అంకె చెబుతుంది. ఇది ముఖ్యంగా 'బి' వర్గపు కిరణాలకు సంబంధించినది. ఎస్‌పిఎఫ్ 15 ఉన్న లేపనం వాటిలో 6.7 శాతాన్ని, 30 ఉన్నది 3.3 శాతాన్ని, 50 ఉన్నది 2 శాతాన్ని లోపలికి పోనిస్తాయి. అంకె పెరిగినంత వేగంగా రక్షణ పెరగదని దీనివలన స్పష్టమవుతోంది. ఆటలకు 30 కనీస ప్రమాణంగా, 50 మేలైనదిగా ఎంచుకోవచ్చు. అంతకు మించిన అంకెలకు ఎక్కువ ధర చెల్లించడంలో అదనపు ప్రయోజనం స్వల్పం. 15, 30 రెండూ కలిపి రాస్తే 45 అవుతుందనుకోవడం కూడా సరికాదు.

ఎస్‌పిఎఫ్ 30 అంటే మామూలుకన్నా 30 రెట్లు ఎక్కువసేపు ఎండలో ఉండవచ్చునని కొందరు లెక్కవేస్తుంటారు. ఇది ప్రమాదకరమైన లెక్క. ప్రయోగశాలలో చెమట పట్టదు, తువాలుతో తుడుచుకోవడం ఉండదు. మైదానంలో ఈ రెండూ నిరంతరం జరిగేవే.

రెండవది 'ఎ' వర్గపు కిరణాల నుంచి రక్షణ. దీనికి 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అనే మాట గాని, 'పిఎ' అనే అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు గాని ఉంటాయి. ఈ పిఎ విధానం 1996లో జపాన్‌లో మొదలైంది. ప్లస్ గుర్తులు ఎక్కువైనకొద్దీ రక్షణ ఎక్కువ. నాలుగు గుర్తులు గరిష్ఠం. ఆటలకు కనీసం మూడు ప్లస్‌లు ఉన్నది తీసుకోవాలి. ఎస్‌పిఎఫ్ ఎంత పెద్ద అంకె అయినా ఈ రెండవ గుర్తు లేకపోతే ఆ లేపనాన్ని పక్కన పెట్టడమే మంచిది. చర్మం కందదు కాబట్టి మనం ఎక్కువసేపు ఎండలో ఉండిపోతాము. ఆ సమయమంతా 'ఎ' వర్గపు కిరణాలు తమ పని తాము చేసుకొనిపోతూనే ఉంటాయి.

మూడవది నీటికి, చెమటకు తట్టుకొనే శక్తి. 'వాటర్ రెసిస్టెంట్' అనే మాటతోపాటు 40 నిమిషాలు, లేదా 80 నిమిషాలు అని ఉన్నదేమో చూడాలి. నీటికి అసలు కరగని లేపనం అంటూ ఏదీ లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లో జారీచేసిన నిబంధనలలో 'వాటర్‌ప్రూఫ్', 'స్వెట్‌ప్రూఫ్' అనే మాటలను లేబుళ్లపై ముద్రించరాదని ఆదేశించింది. అటువంటి మాటలతో చేసే ప్రచారాన్ని నమ్మనవసరం లేదు.

నాలుగవది గడువు తేదీ, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య. మన దేశంలో సన్‌స్క్రీన్‌లు సౌందర్య సాధనాల చట్ట పరిధిలోకి వస్తాయి కాబట్టి ఈ వివరాలు తప్పక ఉండాలి. గడువు దాటినదీ, ఎండలో నిలిపిన కారులోనో, స్కూటరు డిక్కీలోనో రోజుల తరబడి కాగినదీ వాడకూడదు. నీరు, నూనె విడిపోయినట్లు కనిపిస్తే దానిని పారవేయాలి.

లేపనాలలో రెండు రకాలు ఉన్నాయి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి ఖనిజాలతో చేసినవి ఒక రకం. అవోబెంజోన్, ఆక్టోక్రైలీన్ వంటి కర్బన రసాయనాలతో చేసినవి రెండవ రకం. ఖనిజ లేపనాలు ముఖాన తెల్లగా కనిపిస్తాయి గాని సున్నితమైన చర్మానికి అనుకూలం, కళ్లలోకి కారినా మంట తక్కువ. రసాయన లేపనాలు చర్మంలో కలిసిపోతాయి. చెమటతో కళ్లలోకి కారితే మండుతాయి. దక్షిణాఫ్రికా ఫాస్ట్ బౌలర్ అలన్ డొనాల్డ్ ముఖాన తెల్లని పూతతో బౌలింగ్ చేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది అలంకారం కాదు, జింక్ ఆక్సైడ్.

పెయింటు పొర సూత్రం

సన్‌స్క్రీన్ వాడకంలో అందరూ చేసే పొరపాటు, తక్కువగా రాయడం. ఉక్కు కట్టడానికి పెయింటు వేసేటప్పుడు పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తాము. నిర్దేశించిన మందం లేకపోతే ఎంత నాణ్యమైన పెయింటు అయినా తుప్పును ఆపలేదు. ఇక్కడ కూడా అదే సూత్రం. ట్యూబు మీద ముద్రించిన ఎస్‌పిఎఫ్ ప్రతి చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించగా వచ్చినది. ఇది సుమారు 20 మైక్రాన్ల పొర. మనం సాధారణంగా రాసుకొనేది అందులో పావు వంతు నుంచి సగం వరకే. పొర సగమైతే రక్షణ కూడా సగానికి, కొన్ని సందర్భాలలో అంతకన్నా కిందికి పడిపోతుంది.

మరి ఎంత కావాలి? మన ప్రథమ చికిత్స తరగతులలో కాలిన గాయాల విస్తీర్ణం అంచనా వేయడానికి నేర్పే 'తొమ్మిదుల సూత్రం' ఇక్కడ ఉపయోగపడుతుంది. తల, మెడ కలిపి శరీర విస్తీర్ణంలో 9 శాతం, ఒక్కొక్క చేయి 9 శాతం, ఒక్కొక్క కాలు 18 శాతం. పెద్దవారి శరీర విస్తీర్ణాన్ని 17,000 చదరపు సెంటీమీటర్లుగా తీసుకుందాం. పొట్టి చేతుల చొక్కా, నిక్కరు ధరించిన ఆటగాడికి ముఖం, చెవులు, మెడకు 2 గ్రాములు, చేతులకు 4 గ్రాములు, మోకాళ్ల కింది భాగానికి 6 గ్రాములు, మొత్తం ఒక పర్యాయానికి 12 గ్రాములు కావాలి. రెండు పర్యాయాలు రాస్తే 24 గ్రాములు. అంటే 50 గ్రాముల ట్యూబు రెండు రోజుల ఆటతో అయిపోతుంది.

అదే ఆటగాడు పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు ధరిస్తే ముఖం, మెడ, ముంజేతుల వెలుపలి భాగానికి 3 గ్రాములు చాలు. అదే ట్యూబు ఎనిమిది రోజులు వస్తుంది. నెల జీతంతో ఇంటి ఖర్చులను సర్దుకొనే కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు శిబిరానికి వెళుతున్నప్పుడు ముందుగా కొనవలసినది దగ్గరి నేత గల పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచు ఉన్న టోపీ. ఆ తరువాతనే లేపనం. తెల్లని పలచని నూలు బనియను, ముఖ్యంగా చెమటతో తడిసినప్పుడు, కిరణాలను పెద్దగా ఆపదని గమనించాలి. ముందుభాగం మాత్రమే ఉన్న క్రికెట్ టోపీ చెవులను, మెడను కాపాడలేదు.

ఎండ తీవ్రతను జాతీయ సమస్యగా ఎదుర్కొన్న ఆస్ట్రేలియాలో 1981లో మొదలైన ప్రచారోద్యమం కూడా ఈ క్రమాన్నే బోధించింది. చొక్కా తొడుక్కో, లేపనం రాసుకో, టోపీ పెట్టుకో అనే మూడు మాటలను పిల్లల నోళ్లలో నానేటట్లు చేసింది. అందులో మొదటి మాట చొక్కాయే.

లేపనాన్ని మైదానానికి బయలుదేరడానికి 15, 20 నిమిషాల ముందు, చర్మం పొడిగా ఉన్నప్పుడే రాయాలి. చెవుల పైఅంచులు, మెడ వెనుకభాగం, పాదాల పైభాగం, మా వయసు వారిలో జుట్టు పలచబడిన నడినెత్తి – ఇవి సాధారణంగా మరచిపోయే చోట్లు. పెదవులకు ఎస్‌పిఎఫ్ ఉన్న బామ్ వేరుగా దొరుకుతుంది. ప్రతి రెండు గంటలకు ఒకసారి, చెమట ఎక్కువగా పట్టినా, తువాలుతో తుడుచుకున్నా అంతకు ముందే, మళ్లీ రాయాలి.

ఆటను బట్టి ఎంపిక

క్రికెట్: పూర్తిరోజు ఆటలో భోజన విరామం, తేనీటి విరామం ఇంచుమించు రెండేసి గంటలకు వస్తాయి. లేపనం మళ్లీ రాయడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు. రాసిన తరువాత అరచేతులను శుభ్రంగా తుడుచుకోవాలి. బంతి జారిపోవడం ఒక్కటే కాదు. లేపనం అంటిన చేతితో బంతికి మెరుగుపెట్టడం నియమ విరుద్ధం. బంతిపై కృత్రిమ పదార్థాలు వాడరాదని క్రికెట్ నియమావళి స్పష్టంగా చెబుతోంది.

వాలీబాల్, ఫుట్‌బాల్, కబడ్డీ: విపరీతంగా చెమటపట్టే ఆటలు. 80 నిమిషాల గుర్తు ఉన్న జెల్ లేక పలచని లోషన్ అనువైనది. చిక్కని జిడ్డు లేపనాలు మొటిమలను పెంచవచ్చు. నుదుటికి మాత్రం స్టిక్ రూపంలో దొరికే ఖనిజ లేపనం రాస్తే కళ్లలోకి కారదు. ఇసుక మీద ఆడేవారు గడ్డం కింద కూడా రాయాలి. పొడి ఇసుక సుమారు 15 శాతం కిరణాలను పైకి తిప్పి పంపుతుంది.

ఈత: కొలనులో దిగిన పిల్లలకు చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తెలియదు. 80 నిమిషాల గుర్తు ఉన్న లేపనం, నీటి నుంచి పైకి వచ్చి ఒళ్లు తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయడం, వీపుకు ఈత చొక్కా అవసరం.

టెన్నిస్, పరుగు: కళ్లకు కూడా రక్షణ కావాలి. కళ్లద్దాలు కొనేటప్పుడు 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను ఆపుతాయనే గుర్తు చూడాలి. ఆ గుణం లేని నల్లద్దాలు హానికరం. చీకటికి కంటిపాప విప్పారి, కిరణాలు మరింతగా లోపలికి పోతాయి.

ఆరు నెలలలోపు శిశువులకు లేపనం రాయకుండా నీడలోనే ఉంచాలి. రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, అంటువ్యాధులకు వాడే డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులు చర్మాన్ని ఎండకు మరింత సున్నితంగా చేస్తాయి. అటువంటి మందులు వాడే వారు మన ఆసుపత్రి వైద్యులను ముందుగా సంప్రదించాలి.

మన చర్మానికి ఇది అవసరమా?

మన చామనఛాయ చర్మానికి ఇవన్నీ ఎందుకని అడిగే పెద్దలు ఉన్నారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. మన చర్మంలోని మెలనిన్ సహజమైన రక్షణనిస్తుంది. శ్వేతజాతీయులతో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. కాని ఆ రక్షణకు పరిమితి ఉంది. చర్మం కమలడం, మంగు మచ్చలు, ముడతలు, శుక్లాలు మనకూ వస్తాయి. మంగు మచ్చలు ఉన్నవారికి సాధారణ లేపనంకన్నా ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు లేపనం మంచిది. ఆ మచ్చలను పెంచే కంటికి కనిపించే వెలుగును కూడా అది కొంత ఆపుతుంది.

క్రమం తప్పకుండా వాడటం అంకెకన్నా ముఖ్యమని ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992లో ప్రారంభమైన అధ్యయనం రుజువు చేసింది. 1,621 మంది పెద్దలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఎస్‌పిఎఫ్ 15, 16 స్థాయి లేపనాన్నే ప్రతిరోజూ రాయించారు. నాలుగున్నర సంవత్సరాల తరువాత వారిలో ఒక రకపు చర్మ క్యాన్సర్ సుమారు 40 శాతం తక్కువగా కనిపించిందని 1999లో ప్రకటించారు. అది మనకన్నా తెల్లని చర్మం గల వారిపై జరిగినదే అయినా, రోజూ వాడిన సాధారణ లేపనం చేసిన మేలు మాత్రం గమనార్హం.

ఇక్కడే మరొక మాట చెప్పవలసి ఉంది. పిల్లల శిబిరాలలో పదేళ్లలోపు బాలికలు బాలురతో సమానంగా కనిపిస్తారు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి వారి సంఖ్య పలచబడుతుంది. కారణం అడిగితే చదువు అని కొందరు, ఎండకు నల్లబడుతుందని కొందరు చెబుతారు. లేపనాన్ని 'తెల్లబరిచే' సాధనంగా చూపే ప్రకటనలు ఈ భయానికి ఆజ్యం పోస్తున్నాయి. సన్‌స్క్రీన్ ఉద్దేశం రంగు మార్చడం కాదు, చర్మాన్ని గాయపడకుండా కాపాడటం. ఎండలో ఆడితే కొంత రంగు తగ్గడం సహజం, దానివలన అవమానమేమీ లేదు. మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 వరకు 23 సంవత్సరాలు అంతర్జాతీయ క్రికెట్ ఆడింది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023 ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో వంద మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణపతకం సాధించింది. ఎండకు వెరచి ఇంట్లో కూర్చున్నవారికి దక్కే గౌరవాలు కావివి. అమ్మాయి చేతికి లేపనమిచ్చి మైదానానికి పంపుదాం. లేపనం అయిపోయినదని ఆట మాన్పించవద్దు.

లేపనం ఆపలేనిది

ఇక రెండవ ప్రమాదం వేడి. ఎస్‌పిఎఫ్ ఎంత ఉన్నా లేపనం శరీర ఉష్ణోగ్రతను తగ్గించదు, వడదెబ్బను ఆపదు. 2015 మే నెలలో వడగాలులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్న సంగతి మరువరానిది. కోస్తా ప్రాంతంలో ఉష్ణోగ్రత కొంత తక్కువగా ఉన్నా గాలిలో తేమ వలన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి అక్కడ కూడా ప్రమాదం తక్కువేమీ కాదు.

ఆటలో వచ్చే వడదెబ్బకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. ఒళ్లు పొడిబారుతుందని మనం వింటుంటాము. ఆడుతూ పడిపోయిన వ్యక్తికి చెమట పడుతూనే ఉండవచ్చు. అందుచేత చెమటను కాక ప్రవర్తనను గమనించాలి. తడబడే మాట, తూలే నడక, అర్థంలేని కోపం, స్కోరు గాని దిక్కు గాని తెలియకపోవడం కనిపిస్తే ఆట తక్షణమే ఆపాలి. నీడకు చేర్చి, అదనపు దుస్తులు తీసి, ఒళ్లంతా చల్లని నీటితో తడుపుతూ గాలి విసరాలి. మెడ, చంకలు, గజ్జల వద్ద మంచు ఉంచవచ్చు. స్పృహ లేని వారి నోట్లో నీరు పోయరాదు. 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చేవరకు చల్లబరచడం ఆపకూడదు. ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

మైదానం నిర్వహణలో మన బాధ్యత

కర్మాగారంలో మనం పాటించే భద్రతా క్రమం అందరికీ తెలిసినదే. మొదట ప్రమాదాన్ని తొలగించాలి. అది సాధ్యం కానప్పుడు అడ్డు ఏర్పాటు చేయాలి. వ్యక్తి ధరించే రక్షణ సాధనం చివరిది. హెల్మెట్ ఉన్నది కదా అని క్రేన్ కింద నిలబడము. లేపనం ఉన్నది కదా అని మే నెల మధ్యాహ్నం పిల్లలను పరుగెత్తించడం కూడా అటువంటిదే.

పిల్లల శిబిరాలు ఉదయం అయిదున్నరకు ప్రారంభమై ఎనిమిదిన్నరలోపు ముగియాలి. సాయంత్రం ఆటలు అయిదు తరువాతనే మొదలు కావాలి. పూర్తిరోజు మ్యాచ్‌లను డిసెంబరు, జనవరి నెలలకు మార్చుకోవచ్చు. మైదానం ఒడ్డున నీడ, చల్లని నీరు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఉండాలి.

మరొక విషయం. మైదానంలో అందరికన్నా ఎక్కువసేపు ఎండలో ఉండేది ఆటగాళ్లు కారు. పిచ్‌పై రోలరు లాగేవారు, సున్నంతో గీతలు గీసేవారు, మొక్కలకు నీరు పెట్టేవారు. వారిలో చాలామంది కాంట్రాక్టు సిబ్బంది. ఆటగాడు రెండు గంటలు ఆడి ఇంటికి వెళతాడు. వారు పగలంతా అక్కడే ఉంటారు. క్రీడా సామగ్రి కొనుగోలు జాబితాలో బంతులు, వలలతోపాటు వారికి అంచు టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు చేర్చితే వ్యయం స్వల్పం, ఫలితం అధికం.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. నీడ మనకన్నా పొట్టిగా ఉన్న వేళ ఆట వాయిదా వేయడం ఉత్తమం.
2. ముందు చొక్కా, టోపీ. ఆ తరువాత లేపనం.
3. ఎస్‌పిఎఫ్ 30 నుంచి 50, పిఎ మూడు లేక నాలుగు ప్లస్‌లు, 80 నిమిషాల నీటి నిరోధకత, గడువు తేదీ – ఈ నాలుగూ చూసి కొనాలి.
4. పొదుపుగా కాక సరిపడినంత రాయాలి; రెండు గంటలకు ఒకసారి మళ్లీ రాయాలి.
5. లేపనం వడదెబ్బను ఆపదు. నీరు, నీడ, విశ్రాంతి దానికి విరుగుడు.

ఈ వేసవిలో మన మైదానాలు పిల్లల కేరింతలతో నిండాలనీ, ప్రతి ఒక్కరూ ఆరోగ్యంగా ఇంటికి చేరాలనీ ఆకాంక్షిస్తున్నాము. క్రీడా సంఘం ఈ నెలలో సమావేశమైనప్పుడు శిబిరాల వేళలను, మైదానం సిబ్బంది టోపీల విషయాన్ని చర్చకు తీసుకోగలదని ఆశిస్తున్నాము.